ప్రార్థన, అంజూరపు ముద్ద



ఆరోగ్యముగా నాలుగు కాలముల పాటు బ్రతుకుటకు ఇంటిలో ఏ అలవాట్లు ఉండవలెనో ఒకసారి వ్రాయుమని కొందరు తల్లులు అడుగుచు వచ్చారు. మేము వైద్యులము కాము. అయితే కల్లూరు చుట్టుప్రక్కల పల్లెలలో చాలా ఏండ్లుగా భూస్థాపన ఆరాధనలు జరిగించుచున్నాము. ఏ వయస్సు వారిని ఎందుచేత మట్టికి అప్పగించుచున్నామో పాస్టరు మనస్సులో ఒక లెక్క ఉండును. అది ఏ రిజిస్టరులోను వ్రాసి ఉండదు. ఎనుబది ఏండ్ల అవ్వ పెట్టె ప్రక్కన నిలిచి కీర్తన పాడగలము. నలుబది అయిదేండ్ల తండ్రి పెట్టె ప్రక్కన పదవ తరగతి చదువు పిల్ల నిలిచి ఉన్నప్పుడు గొంతు పెగలదు. అందుచేత మాకు తెలిసినంత వరకు ఈ మాటలు వ్రాయుచున్నాము.

రాజులు రెండవ గ్రంథము 20వ అధ్యాయము మీరు ఎరిగినదే. హిజ్కియా రాజు మరణకరమైన రోగములో పడి, గోడ తట్టు ముఖము త్రిప్పుకొని ఏడ్చి ప్రార్థించెను. యెషయా ప్రవక్త ఇంకను నగరి మధ్య ముంగిలి దాటకముందే జవాబు వచ్చెను. పదునైదు సంవత్సరముల ఆయుష్షు కలుపబడెను. ఇంతవరకు మనము కూటములలో విరివిగా చెప్పుకొందుము. ఆ తరువాతి వచనమును గురించి ప్రసంగించు వారు తక్కువ. ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి, దానిని పుండు మీద వేయించెను. అప్పుడు రాజు బాగుపడెను. నీడను పది మెట్లు వెనుకకు మరల్చిన దేవునికి ఒక పుండు ఏపాటి? ముద్ద లేకుండ బాగు చేయలేడా? చేయగలడు. అయినను ముద్ద తెప్పించెను. ప్రార్థన విన్న దేవుడే మందు వేయించెను.

ఈ వచనమును సమయమునకు చెప్పనందున మా సంఘములో జరిగిన నష్టమును ముందుగా ఒప్పుకొనవలసి ఉన్నది.

మా సంఘపెద్దలలో ఒక సహోదరుడు మిర్చి రైతు. ఏబది దాటిన వయస్సు. కాయకష్టము చేయు మనిషి, ఎన్నడు జ్వరమని పడుకొని ఎరుగడు. ఒకసారి పంటి నొప్పికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు బి.పి. చూచి 180/110 ఉన్నదని చెప్పి, ప్రతి దినము వేసికొనుమని మాత్రలు ఇచ్చారు. రెండు నెలలు వేసికొన్నాడు. ఇంతలో వేరొక పట్టణములో జరిగిన స్వస్థత కూటములకు వెళ్లి వచ్చి, ఆదివారము సంఘములో లేచి సాక్ష్యము చెప్పాడు. "దేవుడు నన్ను ముట్టిండు అయ్యగారూ. ఇక మాత్రలెందుకు? ఆపేసిన" అన్నాడు. సంఘమంతయు చప్పట్లు కొట్టెను. మేము కూడ "స్తోత్రము" అన్నాము.

అన్న మాటకు మేము చింతించుట లేదు. దేవునికి స్తోత్రము ఎప్పుడును తగినదే. ఆ తరువాత అనవలసిన మాట అనలేదు. "పెద్దయ్యా, దేవునికి మహిమ. రేపు ఉదయము వెళ్లి బి.పి. మరల చూపించుకొందము, నేనును వచ్చెదను" అని ఒక్క మాట చాలియుండెను. విశ్వాసము చాలని పాస్టరని అనుకొందురేమోనని వెరచి ఊరకుంటిమి.

నాలుగు నెలలైన పిమ్మట, కళ్లములో మిర్చి ఎండబోయుచు ఆ సహోదరుడు కూలిపోయాడు. మూతి ఒక ప్రక్కకు పోయెను, మాట తడబడెను, కుడి చెయ్యి లేవలేదు. గాలి సోకినదని ఒకరు, పసరు పోయించుదమని ఒకరు అన్నారు. పసరు పోయించి మరునాడు పెద్దాసుపత్రికి తీసికొనిపోయారు. ప్రాణము దక్కినది. చెయ్యి మరి రాలేదు. సొంత చేనిలో కూలీలకు గంజి కాచి పోసిన అతని ఇల్లాలు ఆ మరుసటి ఏట ఇతరుల చేలలో కాయ ఏరుటకు పోయినది.

ప్రియులారా, బి.పి. అనునది నొప్పి పెట్టదు. తల తిరిగితేనే బి.పి. అని మన పల్లెలలో అనుకొందురు. అది సరికాదు. చాలమందికి ఏ గురుతు ఉండదు. లోపల నరములను, గుండెను, మూత్రపిండములను మెల్లగా పాడు చేయును. రెండు మూడు పర్యాయములు చూచినను 140/90 గాని అంతకంటె ఎక్కువ గాని ఉన్నచో అది బి.పి.యే. మాత్ర వేసికొనినప్పుడు లెక్క తగ్గుట జబ్బు పోయినదనుటకు గురుతు కాదు, మాత్ర పని చేయుచున్నదనుటకు గురుతు. పొలమునకు నీరు పెట్టుచున్నంత కాలము చేను పచ్చగా ఉండును, పచ్చగా ఉన్నదని కాలువ కట్టివేయుదుమా? డాక్టరు చెప్పనిదే మాత్ర మానవద్దు. ఈ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇచ్చుచున్నారు.

పక్షవాతము వచ్చిన గడియ గూర్చి కూడ తెలిసికొనుడి. రక్తము గడ్డకట్టి వచ్చిన పక్షవాతమునకు, ఆ గడ్డను కరిగించు ఇంజక్షను ఉన్నది. అది మొదటి గురుతు కనబడిన నాలుగున్నర గంటలలోపుననే ఇవ్వవలెను. ముందుగా తల స్కానింగు తీసి చూడవలెను గనుక గంటలు ఇట్టే గడచిపోవును. మూతి వంకర, చెయ్యి జారుట, మాట తడబాటు: ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినను పసరు వద్దు, నోటిలో నీరు కూడ పోయవద్దు. 108కి ఫోను చేయుడి. కల్లూరు నుండి ఖమ్మము దారి మనకు దగ్గరే, అడవి లోపలి పల్లెల వారు మరింత త్వరపడవలెను.

డోర్నకల్ బిషప్పు అజరయ్య గారు పల్లెలను పట్టిన దయ్యములు నాలుగని చెప్పుచుండెడివారు: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. 1912లో బిషప్పుగా అభిషేకము పొంది, 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించు వరకు వారు ఈ నాలుగింటితో పోరాడిరి. ఆ నాలుగు వేరు వేరు కావని మా సహోదరుని ఇల్లు చూచిన తరువాత మాకు అర్థమైనది. రోగము ముందు నడచినది, అప్పు దాని వెంట వచ్చినది. వారి కాలములో రోగమనగా కలరా, మశూచి, మలేరియా. నేడు మన ఇండ్లలో బి.పి., షుగరు చేరినవి. ఇవి ఒక దినమున వచ్చునవి కావు, అలవాటు వెంబడి వచ్చునవి.

ఉప్పు సంగతి చూడుడి. ఒక మనిషికి దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా ఒక టీ చెంచాడు. మనకు కూరలో ఉప్పే కాక ఆవకాయ, చల్ల మిరపకాయలు, అప్పడము, ఎండు చేపలు ఉన్నవి. చేనికి పోవు కూలి తల్లికి సద్దిలోనికి పచ్చడి తప్ప మరి ఏమున్నది అని మీరు అడుగవచ్చును. న్యాయమైన మాటే. పచ్చడి మానుమని మేము చెప్పము, చెప్పినను మీరు వినరు. అయితే మన స్త్రీలకు ఒక మంచి అలవాటు ఉన్నది. ఎసట్లో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేయుదురు. ఆ పిడికెడు వలన ఏ ఇంటివారును ఆకలితో పడుకొనలేదు, ఎన్నో చర్చిలు కట్టబడినవి. ఆ చేతితోనే కూరలో వేయు ఉప్పునుండి ఒక చిటికెడు తీసి మరల డబ్బాలో వేయుడి. మొదటి వారము పురుషులు సణుగుదురు. కొన్ని వారములకు నాలుక అలవాటు పడును. అన్నములో ఉప్పు వేసి వండు ఇండ్లు కొన్ని చూచాము, అది పూర్తిగా మానవచ్చును. పచ్చడి ముద్ద చిన్నది చేసి ప్రక్కన ఒక ఉల్లిపాయ, ఒక దోసకాయ ముక్క పెట్టుకొనుడి.

ఇప్పుడు జొన్నలు, కొర్రలు అని పెద్ద గాలి వీచుచున్నది. 2023ను ఐక్య రాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను గూడ. మంచిదే. తెల్లగా పాలిషు పట్టిన బియ్యము మూడు పూటలు తినుటకంటె ఒక పూట జొన్న రొట్టె తినుట షుగరు వారికి మేలు. కాని జొన్న తింటే సర్వరోగములు పోవునని చెప్పువారిని నమ్మవద్దు. మన తాతలు జొన్న సంకటి తిని నూరేండ్లు బ్రతికారని అందురు, అందరు బ్రతకలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చినది. అందులో డాక్టరు గోపాలన్ గారు, డాక్టరు శ్రీకంఠయ్య గారు తెలంగాణలో జొన్నలే ఆధారముగా బ్రతుకు పేదలలో పెల్లాగ్రా అను జబ్బును గమనించి 1960లో దానిని గూర్చి వ్రాశారు. మెడచుట్టు, చేతుల మీద ఎండ తగులు చోటెల్ల చర్మము నల్లబడి పగులును. విరేచనములు పట్టును. ముదిరితే మతి చెదరును. తప్పు జొన్నది కాదు, పప్పు, ఆకుకూర, పాలు ఏవియు లేక ఒక్క జొన్ననే తినుటది. ఆ గోపాలన్ గారు 2019లో కన్నుమూయునాటికి నూరేండ్లు నిండిన వారు! ఏ ధాన్యము తినినను ప్రక్కన పప్పు, తోటకూర గాని మునగాకు గాని, దొరికిన పండు ఉండవలెను. మునగచెట్టు ఇంటి వెనుక పెట్టుకొని, ఆకు మేకలకు వేసి, పిల్లలకు బజారునుండి టానిక్కు సీసా తెచ్చు వారిని ఏమనవలెనో మాకు తెలియదు.

మిర్చి, ప్రత్తి పండించు మన ప్రాంతమున వేరొక అలవాటు ఉన్నది. దానిని గూర్చి ఆరోగ్యపు పుస్తకములలో అంతగా వ్రాయరు గాని ఇది మన ప్రాణముల మీదికి వచ్చు సంగతి. పురుగుమందు కొట్టు రోజున మన రైతు బనియను మీద, వట్టి కాళ్లతో, నోటికి తువాలు కూడ లేక చేనిలో దిగును. నాజిల్ మూసుకొనిపోతే నోటితో ఊదును. మధ్యలో గట్టు మీద కూర్చొని ఆ చేతితోనే బీడీ కాల్చును. మోనోక్రోటోఫాసు వంటి మందులు నోటిగుండనే పోవునని అనుకొనవద్దు, చర్మము గుండను లోపలికి పోవును. తడిసిన చొక్కా ఒంటి మీద ఉన్నంత సేపు మందు లోపలికి పోవుచునే ఉండును. నిండు చేతుల చొక్కా, కాళ్లకు బూట్లు, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండవలెను. గాలి వీపు వైపునుండి రావలెను. ఎండ ముదరకముందే ముగించవలెను. ఇంటికి రాగానే బిడ్డను ఎత్తుకొనక ముందు సబ్బుతో స్నానము చేయవలెను, ఆ బట్టలు వేరుగా ఉతకవలెను. నోట నురగ, చూపు మసక, కనుపాపలు చిన్నవగుట, విపరీతమైన చెమట కనబడితే మందు డబ్బా కూడ చేత పట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తుడి. ఏ మందో తెలిసితే వైద్యుని పని సులువగును.

ఖాళీ డబ్బా కడిగి నీళ్లకో, నూనెకో వాడు తల్లులారా, 2013 జూలైలో బీహారులోని ఒక బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పసిపిల్లలు చనిపోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాసు కలిసినది. డబ్బాను గుచ్చి రంధ్రములు చేసి, మరల ఎవరికిని పనికిరాకుండ చేయుడి.

త్రాగుడు గూర్చి ప్రతి సంవత్సరము వ్రాయుచునే ఉన్నాము. మా ఊరి పేరులోనే కల్లు ఉన్నదని వేళాకోళమాడు వారున్నారు. వేళాకోళము వలన ఇల్లు నిలువదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు సారా అంగడి మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతయు అంటుకొని 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది ఎత్తివేయబడెను. చట్టము వచ్చును, పోవును. అయితే మన స్త్రీల మైత్రి వారు ఆ దూబగుంట తల్లులకంటె తక్కువ చదువుకొన్నవారు కారు. కొందరు పురుషులు పౌలు తిమోతికి వ్రాసిన మాటను ఎత్తి చూపుదురు. పౌలు చెప్పినది కడుపు జబ్బునకు కొంచెము, మందుగా. బెల్టు షాపు ముందు అర్ధరాత్రి వరకు కూర్చొనుమని కాదు. ఆ వచనమును అంత గట్టిగా నమ్మువారు, వైద్యుని మాట వినవలెననియు అందులోనే నేర్చుకొనవచ్చును గదా.

బీడీ, అంబరు, గుట్కా సంగతి ఒక్క మాటలో చెప్పెదము: మాని వేయుడి, తగ్గించుట అను మాట వద్దు.

ఈ అలవాట్ల వలన నిజముగా ఆయుష్షు పెరుగునా అని అడుగువారికి ఒక లెక్క ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియాలో సెవెంత్ డే ఎడ్వెంటిస్టు సంఘస్థులను సుమారు 34,000 మందిని 1976 మొదలు 1988 వరకు పరిశీలించి, 2001లో ఫలితము ప్రకటించారు. అదే రాష్ట్రములోని ఇతరులకంటె వారిలో పురుషులు 7 ఏండ్లకు పైగా, స్త్రీలు 4 ఏండ్లకు పైగా ఎక్కువ కాలము బ్రతుకుచున్నారు. విశ్రాంతి దినము విషయములో మనకు వారితో ఏకీభావము లేకపోయినను, ఇది మెచ్చుకొనదగినది. వారు చేయునది ఏమి? పొగ త్రాగరు. చాలమంది మాంసము తినరు. పల్లీలు, బాదములు వంటి గింజలు తరచుగా తిందురు. నడత, వ్యాయామము ఉన్నది, ఒళ్లు పెరగనియ్యరు. వీటిలో డబ్బు ఖర్చుతో కూడినది ఏదియు లేదు. మన చేలలో పల్లీలు పండవా?

వ్యాయామము రైతుకూలీలకు చెప్పనవసరము లేదని తలచెదము. అయితే ట్రాక్టరు, మోటారు సైకిలు వచ్చిన తరువాత చర్చికి పావు మైలు కూడ బండి మీద వచ్చు యౌవనస్థులు ఉన్నారు. పాస్టర్లము కూడ అందులో ఉన్నాము. ప్రతి ఇంట పెట్టిన టీ, జంతికలు కాదనలేక మా నడుము కొలత ఎక్కడికి పోయినదో మా ఇంటివారు ఎరుగుదురు. మన దేశపు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండెజబ్బు దగ్గర పడుచున్నవని వైద్యులు చెప్పుదురు. టేపు ప్రతి ఇంట కుట్టుమిషను సొరుగులో ఉన్నది. మేము ఇప్పుడు సాయంకాల సందర్శనములకు నడచియే పోవుచున్నాము.

మరుగుదొడ్డి గూర్చి ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చదువుడి. పాళెము వెలుపల గుంట త్రవ్వి కప్పవలెనని మోషే అంత కాలము క్రిందటనే ఆజ్ఞాపించెను. మనము ప్రభుత్వము కట్టించిన దొడ్డిలో పిడకలు, కట్టెలు పేర్చుకొని చెంబు పట్టుకొని పోవుచున్నాము. అడవి ప్రక్క పల్లెల వారు దోమతెర లేక పడుకొనవద్దు. మలేరియాకు దోమయే కారణమని రొనాల్డు రాస్ దొర 1897 ఆగష్టులో కనిపెట్టినది మన సికింద్రాబాదులోనే.

నిద్ర కూడ వైద్యమే. ఏలీయా బదరీ వృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు దేవదూత అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. రాత్రి పన్నెండు వరకు సెల్‌ఫోను చూచి, ఉదయము ప్రార్థనకు లేవలేకపోతున్నామని చెప్పువారు ఆ అధ్యాయము చదువవలెను.

ఆ సహోదరుడు పడిపోయిన తరువాతి సంవత్సరము నుండి మా చర్చి వరండాలో ప్రతి నెల రెండవ ఆదివారము ఆరాధన పిమ్మట ఒక బల్ల వేయుచున్నాము. ఆశా కార్యకర్తయైన ఒక సహోదరి బి.పి. యంత్రముతో కూర్చొనును. ఏ మతము వారైనను వచ్చుచున్నారు. ప్రక్క కుర్చీలో ఆ సంఘపెద్ద కూర్చొని, ఎడమ చేతితో పేర్లు వ్రాయును. అక్షరములు వంకరగా వచ్చును గాని చదువుకొనవచ్చును. "నాకేం జబ్బు లేదు పెద్దయ్యా, రాయిలాగ ఉన్నా" అని దాటిపోవు వారిని అతడు పిలిచి, ఎడమ చేతితో తన కుడి చేతిని పైకెత్తి బల్ల మీద పెట్టును. "నేనూ అట్లనే అన్న" అనును. ఆ తరువాత దాటిపోయిన వానిని మేము ఇంతవరకు చూడలేదు. బి.పి. తేలిన వారి కొరకు అక్కడనే ప్రార్థన చేయుచున్నాము. ప్రార్థన ముగించి, మాత్రలు ఏ దినమున తెచ్చుకొందురో అడిగి వ్రాసికొనుచున్నాము.

వచ్చు రెండవ ఆదివారమున మీరును రండి. వచ్చుటకు ముందు అరగంట టీ త్రాగవద్దు. చేతులు వదులుగా ఉన్న చొక్కా వేసికొనుడి. నడచి వచ్చిన వెంటనే చూడరు, అయిదు నిమిషములు ఊరక కూర్చొనిన తరువాతనే చూతురు.